తిల్లబల్లి

నాది రాత్రి కాపలా.
రొయ్యల చెరువు గట్టు మీద తాటాకు పాక, ఒక టార్చి,
ఏరియేటర్లు ఆగితే మేస్త్రికి ఫోన్ కొట్టడం. అంతే ఉద్యోగం.
పాయకి అవతల కొర్లమడ లంక.
పోటు మీద వెళ్తే ఒక బీడీ దూరం,
పాటు మీదైతే మోకాళ్ల బురద.

ఆ లంక మీద ఒక బల్లి ఉంది.
ఇంకెక్కడా లేదట.

ఆ ‘ట’ నాది కాదు.
కాకినాడ నుంచి ఎస్తేరు అనే పిల్ల వచ్చి
నుదుటికి లైటు కట్టుకుని
పదకొండు రాత్రులు నా పడవలో తిరిగి తేల్చిన లెక్క.
“ఎగువ లంకల్లో లేదు బాబాయ్, మొగ దగ్గరా లేదు,
ఇక్కడే.”

మా ఆవిడ ముత్యాలుకి అదేం కొత్త సంగతి కాదు.
పీతలకి వెళ్లే మనిషి, చిన్నప్పట్నుంచీ ఎరుగును.
పేరు కూడా చెప్పింది, తిల్లబల్లి.
తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని
కత్తి పట్టినవాడు కూడా ఆ చెట్టుని ముట్టడు.
ముట్టని చెట్టు బెరడు కింద దీని కాపురం.
“మనిషి జడిసే చోట ఇల్లు కట్టుకుంది, తెలివైంది,”
అంది ముత్యాలు, పీత డెక్కలకి తాడు బిగిస్తూ.

వేలి పొడవు. తడిసిన బూడిద రంగు.
వీపు మీద, ఇసుకలో ఉల్లంకి పిట్ట నడిచిపోయినట్టు గీతలు.
కంటికి రెప్ప లేదు.
నలుసు పడితే నాలుకతో తుడుచుకుంటుంది,
మా అయ్య పంచె చెంగుతో కళ్లజోడు తుడుచుకున్నంత నింపాదిగా.

పంచాంగంలో బల్లిపాటుకి ఒక పేజీ ఉంటుంది,
తల మీద పడితే ఒక ఫలం, ఎడమ భుజానికి ఇంకో ఫలం.
ఇది ఎవరి మీదా పడదు.
గోడ ఎక్కదు. ట్యూబులైటు మొహం చూడదు.
మా పాకలో దీపప్పురుగులు చేటలకొద్దీ రాలినా
పాయ దాటి రాదు.
పలకనైనా పలకదు.

ఎలా వచ్చిందో ఎస్తేరు కూడా గట్టిగా చెప్పలేదు.
ఏనాటి వరదకో కొట్టుకొచ్చిన మాను,
బెరడుకి అతుక్కుని శనగగింజలంత రెండు గుడ్లు.
అయ్యుండొచ్చు.
మా తాతలూ అలాగే వచ్చారు మరి,
గోదారి ఎక్కడ వదిలితే అక్కడ దిగారు.
మాకు పట్టా లేదు. దానికీ లేదు.

లంక అరవై ఎకరాలనేవాడు అయ్య.
నాకు ఊహ తెలిసేసరికి నలభై.
మొన్న ఆగస్టులో ఒక్క రాత్రి
తూర్పు ఒడ్డు అట్టు తుంచినట్టు పోయింది.
గట్టు మీద కూచుని విన్నాను,
ఎవరో ఆగి ఆగి మూటలు దించుతున్నట్టు చప్పుడు.
తెల్లారి చూస్తే ఏడు తిల్లలు,
నిలువునా, ఆకులతో సహా, సముద్రం దారి పట్టాయి.
వాటి బెరడు కింద ఎన్ని నిద్రపోతున్నాయో.

దసరా వెళ్లాక ఎస్తేరు మళ్లీ వచ్చింది.
పోయినసారి నలభై మూడు.
ఈసారి పంతొమ్మిది అని రాసి
ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది,
చుట్టిన చోటే మళ్లీ మళ్లీ, కాగితం చిరిగేదాకా.
నేను పడవ కదలకుండా పట్టుకున్నాను.

నిన్న అమావాస్య.
మేస్త్రి వచ్చి గట్టు మీదే పడుకున్నాడు,
నేను పడవేసుకుని వెళ్లాను.
టార్చి వేస్తే తిల్ల బోదె మీద నిప్పురవ్వంత కన్ను.

ఇంట్లో మాట చివర బల్లి పలికితే
ముత్యాలు గుమ్మం మీద వేలితో కొట్టి
సత్యం, సత్యం అంటుంది.

“వచ్చే వరదకీ ఈ లంక ఉంటుంది,” అన్నాను, పైకే.
ఆగాను.
వేళ్ల సందుల్లో పోటు నీళ్లు గుటకలేస్తున్నాయి.
అది నాలుక చాపి కన్ను తుడుచుకుంది.

బోదె మీద మూడుసార్లు నేనే తట్టాను.
టార్చి ఆర్పేశాను.
చీకట్లో దాని పని దానికుంటుంది,
నా చెరువు నాకుంది.